తిమింగలం ఇంటి పెద్ద తలుపు

హోర్న్,
18 జనవరి 1976

అన్నయ్యా,

ఊళ్ళో మంచు, ఇంట్లో దగ్గు. ఈ రెండూ తప్ప ఇక్కడ కొత్త సంగతులేమీ లేవు. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం మెట్లెక్కిన ప్రతిసారీ నన్ను పేరు పెట్టి తిడుతున్నాయి.

ముందు చిన్న సంగతి. మీ ఆవిడ పంపిన డబ్బా క్రిస్మస్‌కి వచ్చింది. మళ్ళీ అదే! వాళ్ళ నాన్న పడవల షెడ్డులో చెక్కలకీ బందులకీ పూసే ఆ పసుప్పచ్చ కొవ్వు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఏటా ఒకటి. మన డచ్చి భాషలో రాయడం ఆవిడకి రాదు, ఒప్పుకుంటాను. కానీ కొవ్వు డబ్బాకి ఎర్ర రిబ్బను కట్టి పంపితే అర్థం చేసుకోలేనంత పసిదాన్నా నేను? నాన్న తన కోసం పెద్ద తలుపు తియ్యలేదని ఏటేటా గుర్తు చేస్తోంది. మనసులో ఉంటే నాలుగు మాటలు తిట్టమను, పడతాను. యుద్ధం రోజులు మినహా ఒక్క ఏడు కూడా మానలేదు చూడు, ఏం పట్టుదల! వచ్చినవి వచ్చినట్టే నేలమాళిగలో పెట్టేశాను. మూత కూడా తియ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు మన తిమింగలం ఇంటికి మూడువందల యాభై ఏళ్ళు నిండుతాయి. నాన్న ఇల్లు ట్రస్టుకి రాసిచ్చాక నేను పై అంతస్తులో రెండు గదుల్లో ఉంటూ, శనాదివారాలు వచ్చిన వాళ్ళకి ఇల్లు చూపిస్తూ కాలక్షేపం చేస్తున్నాను కదా. పైకప్పు కారుతోంది. కోరమాండల్ తీరం నుంచి తాతల తాత తెచ్చిన అద్దకం మంచంతెర మీద నా రెండు చేతులంత మరక పడింది. జనం ఎక్కువ వస్తే తప్ప కప్పు బాగుపడదు. అందుకని ట్రస్టు పెద్ద కోస్టర్ గారు మొన్న వచ్చి కూర్చున్నారు.

"లైస్బెత్ గారూ, రేవుకెదురుగా ఇంత మేడ పెట్టుకుని, వచ్చినవాళ్ళని పక్కసందులోంచి వంటింట్లోకి దొడ్డిదారిన తీసుకొస్తున్నాం. వీధి తలుపు తీద్దామండీ" అన్నారు.

"అది అందరికీ తీసే తలుపు కాదండీ. రెండే పనులకి. మా ఇంటి కొత్తకోడలు లోపలికి రావాలి, లేదా మా ఇంటి శవం బయటికి వెళ్ళాలి. అందుకే బయటివైపు దానికి పిడి లేదు, ముందు మెట్టు లేదు. అవసరమైన రోజున పలక వేస్తాం" అన్నాను.

"ఇప్పుడు కోడళ్ళూ రారు, శవాలూ లేవు కదా?"

"అదేంటండీ, నేనొకదాన్ని మిగిలున్నానుగా!" అన్నాను. పాపం, ఆయన కాఫీ పొలమారింది.

నవ్వులాట కాదు అన్నయ్యా. ఆ తలుపు అమ్మ కోసం 1909లో తెరుచుకుంది, పెళ్ళికూతురిగా. తర్వాత అమ్మ శవానికి, నాన్న శవానికి. మధ్యలో ఒక్కసారి తెరుచుకోవాల్సింది, తెరుచుకోలేదు. అందుకే ముందు నిన్ను అడుగుతున్నాను. నువ్వు వద్దంటే వద్దు.

నీ చెల్లెలు,
లైస్బెత్


ఓలెసున్,
5 ఫిబ్రవరి 1976

లైస్బెత్,

తీసెయ్. చెక్కకి మనసేముంది? ఓడ ఇంజన్లతో బతికినవాణ్ణి, తిరగని బందు చూస్తే నాకూ చిరాకే.

ఒక్క మాట మాత్రం విను. ఆ తలుపు ఆచారం గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ కూర్చోకు. ఎవరైనా అడిగితే సముద్రపు చెమ్మకి ఉబ్బిపోయి ఇన్నేళ్ళూ బిగుసుకుపోయిందని చెప్పు. అంతకంటే ఎక్కువ వద్దు. ఎందుకని అడగకు.

డబ్బా సంగతి. సోల్వై మనసులో విషం లేదు. తను ప్రేమగానే పంపుతోంది. నా మాట నమ్మి, తీసి వాడుకో. బూట్లకైనా పూసుకో.

ఇక్కడ చలి బాగా ఉంది. ఎండబెట్టిన చేప, బంగాళాదుంపలు, రేడియో. రిటైరైన మనిషికి ఇంకేం కావాలి? సోల్వై నాకో స్వెట్టర్ అల్లుతోంది, ఒక చెయ్యి పొడుగైంది. చెబితే పోట్లాట అని ఊరుకున్నాను.

సైబ్రాండ్


హోర్న్,
21 ఏప్రిల్ 1976

అన్నయ్యా,

ముందు తిట్టుకో. నీ ఉత్తరం అందకముందే నేను కోస్టర్ గారికి సరేననేశాను. నిన్ను అడిగింది ఉత్తుత్తి మర్యాదకే. ఆ కప్పు కారుతుంటే పడుకోలేక అన్నాను, అంతే కాదు, ఆ తలుపు శవం లేకుండా తెరుచుకోవడం నా కళ్ళతో చూడాలనిపించింది. నేనా, ఇంకో ఇంటికి కోడలిగా వెళ్ళనేలేదు. తప్పా?

ఈస్టర్ సోమవారం తీశాం. పలక వేశారు, గొళ్ళెం తీశారు, కోస్టర్ గారు భుజం ఆనించబోయారు. "ఆగండి" అని నేను చిటికెన వేలితో తోశాను. వెన్నలో కత్తి దిగినట్టు తెరుచుకుంది! ఆ సాయంత్రందాకా జనమే జనం. టికెట్టు చేతిలో పట్టుకుని, ఐస్‌క్రీం నాక్కుంటూ, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని లోపలికి నడుస్తుంటే అమ్మ చూసి ఉంటే ఏమనేదో అనిపించింది. కప్పు బాగుపడుతుంది, అది చాలు.

నీకు సంతోషం కలిగించే మాట ఒకటి. మీ నార్వే నుంచి ఒక పత్రిక అమ్మాయి వచ్చింది. ఆడవాళ్ళ కుట్లు, అల్లికల పత్రికట, మధ్యలో పాత ఇళ్ళ గురించి రెండు పేజీలు వేస్తారట. మొత్తం చెప్పాను. ఈ ఇల్లు కట్టించిన తిమింగలం నూనె వ్యాపారం, మిరియాల ఓడలు, మంచంతెర, పెద్ద తలుపు ఆచారం, అమ్మ పెళ్ళికూతురిగా రావడం. నీ పేరుగాని మీ ఆవిడ పేరుగాని ఎత్తలేదు, అంత తెలివితక్కువదాన్నా?

"చెమ్మకి ఉబ్బదా?" అని అడిగింది ఆ పిల్ల. నువ్వేమో ఉబ్బిందని చెప్పమన్నావు. అదెలా చెప్పను అన్నయ్యా? ఇంటి పరువు తీసుకుంటానా? "ఈ తలుపు మూడువందల యాభై ఏళ్ళలో ఒక్కరోజు బిగుసుకోలేదమ్మా, ఏటా శీతాకాలం ముందు మా నాన్న దగ్గరుండి బందులకి నూనె పెట్టించేవాడు" అన్నాను. రాసుకుంది. ఫొటో కూడా తీసింది. నేను బాగానే పడ్డాను.

లైస్బెత్


ఓలెసున్,
9 జూన్ 1976

లైస్బెత్,

ఎందుకని అడగకు అన్నాను. చెప్పొద్దు అన్నాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట వినలేకపోయావా?

ఆ పత్రిక సోల్వైకి నెలనెలా వస్తుంది. స్వెట్టర్ చెయ్యి సరిచేద్దామని నమూనా కోసం తెరిచింది. నువ్వు తలుపు పక్కన నిలబడి నవ్వుతున్నావు. తను రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను పిలిచింది.

"సైబ్రాండ్, ఈ తలుపు ఎప్పుడూ బిగుసుకోలేదట."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నీకూ తెలియనిది ఇదొక్కటే లైస్బెత్. 1939 మార్చిలో మేమిద్దరం ఓడ దిగి వచ్చినప్పుడు, సోల్వైని వీధిలో మంచులో నిలబెట్టి నేను ముందుగా సందులోంచి లోపలికి వచ్చాను కదా. "పడవలు చెక్కేవాడి కూతురు, నన్నడగకుండా పరాయి చర్చిలో చేసుకున్న పెళ్ళి. ఆవిడ ఈ ఇంటికి కోడలు కాదు. ఆ గొళ్ళెం మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అని నాన్న తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అంతవరకు నువ్వూ చూశావు. బయటికి వెళ్ళి తనతో ఏం చెప్పానో నువ్వు వినలేదు. "తలుపు చెమ్మకి ఉబ్బిపోయిందే, రావట్లేదు. వంటింట్లోంచి వెళ్దాం పద" అన్నాను. తను పకపకా నవ్వింది. "అయ్యో, ఇంత మేడకి తలుపు జబ్బా! మా నాన్న దగ్గర దీనికి మందుంది, పంపిస్తాను" అంది.

అదే ఆ డబ్బా. ఏటా ఆ తలుపు కోసమే పంపింది. ఎలా ఆపమనను? ఆపమంటే ఎందుకో చెప్పాలి.

పత్రిక మడిచి పెట్టి సోల్వై ఏమందో తెలుసా? "తలుపుకి బాగోలేదనుకుని ఇన్నేళ్ళూ మందు పంపాను. తలుపు బాగానే ఉంది. బాగోలేనిది నేనన్నమాట." ఇంకోమాట కూడా అంది. "ఇప్పుడు టికెట్టు కొన్నవాడల్లా ఆ తలుపులోంచి నడుస్తున్నాడట కదా."

ఆ రోజునుంచీ పడవల షెడ్డు పైగదిలో పడుకుంటోంది. అన్నం పెడుతుంది, మాట్లాడదు. నీకు పొగడ్త కావాలి, ఇంటికి పరువు కావాలి. నా ఇల్లు ఏమైపోతే నీకేం?

సైబ్రాండ్


హోర్న్,
20 జూన్ 1976

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నేలమాళిగలోకి వెళ్ళాను. దీపం పట్టుకుని ఆ డబ్బాల ముందు నిలబడ్డాను. ఎన్ని రిబ్బన్లు! పాతవి వెలిసి గులాబీరంగయ్యాయి. ఒక్కొక్క డిసెంబరులో ఆవిడ కత్తెర పట్టుకుని రిబ్బను కత్తిరించి ముడి వేసి ఉంటుంది. నేను ఆ ముడి చూసి మూతి తిప్పుకుని కిందికి విసిరేశాను. పక్కింటి వాళ్ళకి కూడా చెప్పుకున్నాను, "మా అన్న పెళ్ళాం ఎంత గడుసుదో చూడండి" అని. చెప్పుకుని నవ్వాను కూడా. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి ఆ నవ్వు వెనక్కి తీసుకోను?

నిన్నూ వదలను. ఎంత పని చేశావన్నయ్యా! నాన్న ఒక్కరోజు తలుపు మూశాడు. నువ్వు ఇన్నేళ్ళూ మూసి ఉంచావు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఆవిడ రెండు తిట్లు తిట్టి, నాన్న మొహాన మంచుముద్ద కొట్టి వెళ్ళిపోయేది. అక్కడితో పోయేది. సరే, నేనెవర్ని అడగడానికి? నువ్వు వద్దన్న మాట నేను గొప్పకి పోయి కూశాను. నీ అబద్ధం, నా గొప్ప, రెండూ కలిసి ఆవిడ నెత్తిన పడ్డాయి.

పెద్ద తలుపు మూసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. కోస్టర్ గారు పరిగెత్తుకొచ్చారు.

"కప్పు సగమే అయింది లైస్బెత్ గారూ! మీ ఇంటి తగాదాలకి నేనేం చెయ్యను?"

"మీరేం చెయ్యక్కర్లేదు. జనం వంటింట్లోంచి వస్తారు. వచ్చిన ప్రతివాడికీ నేనే కాఫీ పెడతాను. కాఫీ కోసమైనా వస్తారు" అన్నాను.

ఆవిడకి ఉత్తరం రాద్దామని కూర్చుని చింపేశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ చింపేశాను. ఆవిడ భాషలో నాకు "మంచుగా ఉంది", "చేప బాగుంది" తప్ప రావు. ఈ రెంటితో క్షమాపణ ఎలా అడగను? నేను వచ్చి కాళ్ళ దగ్గర కూర్చోనా? నువ్వు రమ్మంటే మోకాళ్ళని బతిమాలుకుని వస్తాను.

లైస్బెత్


ఓలెసున్,
11 జూలై 1976

లైస్బెత్,

నువ్వు రానక్కర్లేదు. తనే వస్తోంది.

ఈ పొద్దున నీలం కోటు వేసుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "హోర్న్ వెళ్తున్నాను. ఆ తలుపు చూడాలి" అంది. నేనూ వస్తానన్నాను. "అప్పుడు నీతో వచ్చాను. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్తాను" అంది. తిరిగి ఎప్పుడొస్తావని అడిగితే కోటు గుండీలు పెట్టుకుంది. అసలు వస్తావా అని అడగడానికి నోరు రాలేదు.

మొన్న రాసిన ఉత్తరంలో నిన్ను అన్నవన్నీ నన్ను నేను అనుకోవాల్సినవి. నాన్నకి భయపడ్డాను, తర్వాత సోల్వైకి భయపడ్డాను. తన మనసు నొప్పించకూడదనే అబద్ధం ఆడానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నా మొహం దాచుకోవడానికి ఆడాను.

ఆ స్వెట్టర్ పూర్తి చేసి కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. వేసుకోవడానికి చెయ్యి రావట్లేదు.

తను ఎక్కింది రేవు రేవునా ఆగే ఓడ, ఈ ఉత్తరం ముందే అందుతుంది. పెద్ద తలుపు తియ్యి. పలక వెయ్యి. ఇంకేం చెయ్యాలో నాకు తోచట్లేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

సైబ్రాండ్


హోర్న్,
25 జూలై 1976

అన్నయ్యా,

వదిన వచ్చింది. బాగుంది. ఈ ఉత్తరం రాస్తుంటే ఎదురుగా కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది, నాకంటే పలచగా. గాబరాపడకుండా మొత్తం చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పలక కడిగించి వేశాను. రెండు రెక్కలూ బార్లా తీశాను. చర్చికి వేసుకునే నల్లగౌను వేసుకుని పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడ్డాను. పక్కిళ్ళ కిటికీల్లో తెరలు కదులుతూనే ఉన్నాయి. రేవు వైపునుంచి నీలం కోటు కనబడేసరికి గౌను మడతలు సరిచేసుకున్నాను. ఆ మార్చిలో వంటింటి గుమ్మంలో టోపీ నిండా మంచుతో నిలబడి నన్ను చూసి నవ్వింది. ఆ మొహమే, జుట్టు ఒక్కటి తెల్లబడింది.

వీధిలోనే ఆగింది. సంచి కింద పెట్టింది. తలుపు రెక్కని ఒక వేలితో ముందుకీ వెనక్కీ తోసి చూసింది.

"బాగా తిరుగుతోంది" అంది. ఆవిడ డచ్చి కుంటిది, నా నార్వే భాష అంతకంటే కుంటిది. అయినా ఒక్క మాట తప్పిపోలేదు.

"లోపలికి రా వదినా. ఇది నీ తలుపు" అన్నాను. నా నోట ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నీకు రాసిన ఉత్తరాల్లో "మీ ఆవిడ" అనే రాశాను, చూసుకో.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాది కాదు. నేను వచ్చిన దారి నాకు తెలుసు" అని సంచి తీసుకుని పక్కసందులోకి తిరిగింది.

నేను ఈ మోకాళ్ళతో హాలంతా పరిగెత్తాను అన్నయ్యా! ఆవిడ కంటే ముందే వంటింటి తలుపు తియ్యాలని. తీస్తే రాదే! ఈ ఇంట్లో నిజంగా చెమ్మకి ఉబ్బి బిగుసుకునే తలుపు ఏదైనా ఉంటే అది వంటింటిదే. నేను లోపల్నుంచి లాగుతున్నాను, ఆవిడ బయటినుంచి తోస్తోంది. "లాగు!" అని ఆవిడ, "తొయ్యి!" అని నేను. చివరికి ఒక్కసారిగా తెరుచుకుని ఇద్దరం బొగ్గుల బుట్ట మీద పడ్డాం.

లేచి కోటు దులుపుకుని, "ఆ రోజు కూడా ఇది ఇలాగే బిగుసుకుంది. అందుకే సైబ్రాండ్ మాట నమ్మాను. ఇంట్లో అన్ని తలుపులూ ఇంతే కాబోలు అనుకున్నాను" అంది. తర్వాత, "కొవ్వు ఉందా?" అని అడిగింది.

లేదని చెప్పాలనిపించింది. పూసేశాం, అయిపోయింది అని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ ఈ ఇంట్లో తలుపు గురించి ఇంకో అబద్ధమా? దీపం తీసుకుని నేలమాళిగలోకి తీసుకెళ్ళాను.

ఒక రిబ్బను ముట్టుకుంది.

"ఒక్కటి కూడా తెరవలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"నువ్వు నన్ను తిడుతున్నావనుకున్నాను."

"కొవ్వుతోనా?" అని మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. యుద్ధం ముగిశాక వచ్చిన మొదటి డిసెంబరులో, తిండికే కొవ్వు దొరకని రోజుల్లో కూడా వాళ్ళ నాన్న, "పాపం, వాళ్ళ తలుపు" అని మనకోసం ఒక డబ్బా పక్కన పెట్టాడట. నేను ఆ చల్లటి మెట్టు మీదే ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను. క్షమించమని అడిగాను. "ఇప్పుడే కాదు" అంది. సరేనన్నాను. ఇంకేమంటాను?

పాతవి పాడైపోయాయి. ఈ మధ్యవి బాగున్నాయి. వదిన చొక్కా చేతులు పైకి మడిచి, వంటింటి తలుపుని బందుల్లోంచి ఊడదీసి, అడుగు చిత్రిక పట్టి, కొవ్వు పూసి మళ్ళీ తగిలించింది. పడవలు చెక్కేవాడి కూతురని నాన్న ఈసడించాడు చూడు, ఆ చేతులే! కాఫీ పెట్టాను. బిస్కెట్లు డబ్బాతో సహా బల్ల మీద పెట్టాను. "ఒక్కొక్కటే ఇచ్చి డబ్బా మూత వేస్తారని విన్నానే మీ డచ్చివాళ్ళు?" అంది. "ఈ ఇంట్లో ఇక ఏ డబ్బాకీ మూత వెయ్యం" అన్నాను.

నిన్న శనివారం. జనం వంటింట్లోంచే వచ్చారు. వదిన పొయ్యి పక్కన కూర్చుంది. రోజూ చెప్పే తిమింగలాలు, మిరియాలు పక్కన పెట్టి, నేను అక్కడే ఆపి చెప్పాను. "ఈ ఇంటి ఆఖరి కోడలు ఈ దారిన వచ్చింది, 1939 మార్చిలో. పెద్ద తలుపు బాగానే ఉంది. మేం తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు?" అని ఒకాయన అడిగాడు.

"పొగరు" అన్నాను.

వదిన తల ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక మాత్రం, "టోపీ మీద మంచు ఉందని చెప్పడం మర్చిపోయావు" అంది. ఈరోజు అదీ కలిపి చెప్పాను. కోస్టర్ గారు గొణుక్కున్నారు. ఇకనుంచీ ఈ ఇంటి చరిత్ర ఇలాగే మొదలవుతుంది, నేనున్నంతకాలం. నేను పోయాక నన్నూ వంటింటి దారినే తీసుకెళ్ళమని చెప్పేశాను.

నీ సంగతి. నిన్ను క్షమించిందా అని నన్ను అడగకు, నాకు తెలియదు. నీకేం రాయమంటావని ఇప్పుడే అడిగాను. కత్తి ఆపి, తొక్క తెగకుండా చూసుకుని, చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆగస్టు అయిదు, గురువారం సాయంత్రం వస్తాను. రేవుకి రావద్దను. ఇంట్లోనే ఉండమను. నేను తోసుకుని రాను. బయట నిలబడి తలుపు కొడతాను. తను వచ్చి తియ్యాలి."

ఒక డబ్బా ఆవిడ సంచిలో పెడుతున్నాను, రిబ్బను నేనే కట్టాను. అది చేరేలోపు నువ్వు మీ బందులు ఒకసారి చూసుకో అన్నయ్యా. తలుపు దగ్గరే ఉండు. ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లెలు,
లైస్బెత్